మవ్లాన్ గోరు

మర్గిలాన్ పట్టణంలో పింగాణీ సింకులు బాగుచేసే మవ్లాన్ చేతిగోళ్ళన్నీ పొట్టిగా కత్తిరించుకుంటాడు, కుడిచేతి చూపుడువేలి గోరు తప్ప. ఎవరింటికి వెళ్ళినా ముందు కళ్ళు మూసుకొని, ఆ గోటిని సింకులో పడ్డ గీతమీద మెల్లగా జారుస్తాడు. గోరు నున్నగా జారిపోతే అది గిన్నెలు అంటించిన మరక, సోడా ముద్దతో పోతుంది. గోరు తట్టుకుందంటే నిజమైన గాటు. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, తెల్ల లప్పం నింపి, ఆరేదాకా పసిబిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చుంటాడు.

ఆ ఉదయం హంరో అవ్వ వంటింట్లో కొత్త కోడలు నోదిరా తల వంచుకొని నిలబడి ఉంది. "చూడు మవ్లాన్‌జాన్, వచ్చి నెల కాలేదు, ఇనప బాణలి ఈడ్చి ఈడ్చి సింకంతా గీకేసింది. అవి చేతులా, పారలా?" అంది అవ్వ. మవ్లాన్ గోరు జార్చాడు. బాణలి నల్లగీతలన్నిటి మీదా నున్నగా జారిపోయింది. సోడా రుద్దితే అవి మాయమయ్యాయి కూడా. కుడిపక్కన మాత్రం గోరు తట్టుకుంది: పొట్టి గాట్లు, ఏళ్ళ మురికి పట్టినవి. అతను లప్పం కలుపుతుంటే, పులావుకు క్యారెట్లు తరగాలని అవ్వ అలవాటుగా టీ గిన్నెను సింకులో కుడిపక్కన బోర్లించి, మెరుగులేని దాని గరుకు అడుగుమీద కత్తి నూరసాగింది. కత్తి జారి మొన పింగాణీకి టక్కున తగిలింది. మవ్లాన్ తన తువ్వాలు మడిచి బల్లమీద పరిచి, గిన్నెను దానిమీద బోర్లించాడు. "ఇక్కడ నూరుకో అవ్వా, జారినా ఫర్వాలేదు." అవ్వ కత్తివంక చూసింది, గాట్లవంక చూసింది. అందరికీ టీ పోయడం కొత్త కోడలి వంతు గనక నోదిరా ఎప్పటిలా టీ కూజా అందుకోబోతే చెయ్యి పట్టి ఆపింది.

"కూర్చో తల్లీ. ఈ పూట నేను పోస్తాను."