చైనా గడ్డి గిన్నె

రంజాన్ నెలలో మా వాళ్ల ఇళ్లల్లో ఇఫ్తారుకి చైనా గడ్డి ఉండాల్సిందే. పేరుకే గడ్డి. నిజానికి అది సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు. నీళ్లలో కరిగించి, పాలూ చక్కెరా కలిపి పళ్లెంలో పోస్తే గట్టిపడుతుంది. ముక్కలు కోసి చుట్టాలకు పంపుతాం. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు, నాలుగు ఖర్జూరాలైనా వేయాలి.

ఆ ఏడు రంజాన్‌కు ముందు మా అమ్మాయికి పేగు వాచి పుండ్లు పడ్డాయి. దొడ్డికి వెళ్తే నెత్తురు. నెల్లూరు డాక్టరు మాత్రలు రాసి, తగ్గినట్టు అనిపించినా ఆపొద్దన్నాడు. వాటితోనే పిల్ల మళ్లీ అన్నం ముట్టింది.

అప్పుడు దిగింది మా ఆయన అక్క. మైపాడు దగ్గర సముద్రంలో వెదురు తెప్పల మీద నాచు పెంచుతుంది. పేగుల్లో కంటికి కనపడని మంచి పురుగులుంటాయనీ, నాచు జిగురు వాటికి మేత అనీ, అవి బలిస్తే పుండు మానుతుందనీ నాచు పెంపకం శిక్షణలో ఎవరో చెప్పారట. సగం మాట విని పూర్తి వైద్యం మోసుకొచ్చింది.

“ఏమ్మే, ఆ బిళ్లలు మింగించి పిల్ల పేగుల్లో పురుగులన్నీ చంపేస్తుండావా?”

“డాక్టరు ఇచ్చినాడు వదినా. నువ్వు నాచు పెంచుకో, నా బిడ్డని నేను పెంచుకుంటా.”

“చూడరా, నీ పెళ్లాం నోరు! దాంట్లో ఎన్ని పురుగులుండాయో!”

మా ఆయన టోపీ పెట్టుకుని మసీదుకు నడిచాడు. ఇంట్లో గొడవైతే ఆయనకు భక్తి ఎక్కువ.

మా అమ్మ జారిపడిందని కబురొస్తే కావలి వెళ్లక తప్పలేదు. వారం తర్వాత నేను తిరిగొచ్చేసరికి పిల్ల మంచం మీద కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉంది. బట్టలనిండా నెత్తురు. మాత్రలు బియ్యం డబ్బాలో దొరికాయి. వదిన వాటిని దాచేసి, పచ్చి నాచు ఉడకబెట్టి, రోజా సిరప్ కలిపి, చైనా గడ్డిలా ముక్కలు కోసి పెట్టిందట. “అత్త చేసింది గదా అని తిన్నా అమ్మా” అంది నా బిడ్డ.

ఆసుపత్రిలో డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. “ఆ పురుగుల సంగతి ఉత్తదేం కాదమ్మా, పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ నాచు జిగుర్లన్నీ ఒకటి కావు, కొన్ని మంట పెంచుతాయనే అనుమానమూ ఉంది. అసలు మాత్రలు ఆపడమే తప్పు.”

బయట వరండాలో మా ఆడబిడ్డ గొణుగుతోంది: “ఇంకో వారం ఆగుంటే గుణం కనపడేది.”

“ఇంకో వారం ఆగుంటే పిల్ల కనపడేది కాదు” అన్నాను. ఆవిడతో నేనన్న చివరి మాట అదే.

పిల్ల మెల్లగా కోలుకుంది. మాత్ర వేసుకునేటప్పుడల్లా ఎదురుగా కూర్చునేదాన్ని. మళ్లీ రంజాన్ వచ్చింది. ఏమీ జరగనట్టు ఆవిడ దగ్గర్నుంచి గిన్నె వచ్చింది, నిండుగా చైనా గడ్డి. ముక్కలు కోళ్లకు వేశాను. గిన్నె శుభ్రంగా కడిగి, ఖర్జూరాలకు బదులు నా బిడ్డ మింగిన మాత్రల అట్టలు కూరి, మూత పెట్టి పంపాను.

ఖాళీగా పంపిందని మాత్రం ఆవిడ అనలేకపోయింది. ఆ గిన్నె మళ్లీ మా గడప తొక్కలేదు.