పల్లంరాజు నీళ్ల రిజిస్టరు

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మన పల్లంరాజు రెండూనూ. సామర్లకోట అవతల, కుళాయిలకి క్రోమ్ పూత వేసి విదేశాలకి పంపే ఫ్యాక్టరీలో మురుగునీళ్లు శుద్ధి చెయ్యడం పదకొండేళ్లుగా ఆయన పని. పూత తొట్లలోంచి పసుప్పచ్చగా వచ్చే విషపు నీళ్లలో మందు కలిపి, సున్నం వేసి, మడ్డి అడుక్కి దిగి పైనీరు తేటపడితేనే కాలవలోకి వదిలేవాడు. అందాకా ఓనరు సూర్యప్రకాశంగారు వచ్చి నెత్తిన నిలబడ్డా వాల్వు తిప్పేవాడు కాదు.

"లోడు వెళ్లాలయ్యా, నీళ్లు వదిలెయ్."

"లోడు వెళ్లనివ్వండి. నీళ్లు మాత్రం వెళ్లవండి."

ఆ కాలవ కింద కౌలు చేసే ఏసుపాదం నారుమడికి నీరు పెట్టేముందు ఏటా గోడ అవతల నిలబడి, "పెట్టుకోమంటారా రాజుగారూ?" అని అడిగేవాడు. "పెట్టుకో" అనేవాడు పల్లంరాజు. అంతే. ఏ కాగితమూ అడిగి ఎరగడు ఏసుపాదం. ఆ నమ్మకమే పల్లంరాజుకున్న ఆస్తి.

రోజూ మూడుపూటలా నీళ్లు కొలిచి రిజిస్టర్లో రాయాలి. ఆయుధపూజనాడు ఆ రిజిస్టరునీ అమ్మవారి ముందు పెట్టి బొట్టు పెడతారు. పూజలో ఉన్న పుస్తకాన్ని మర్నాటిదాకా ముట్టుకోకూడదాయె. పేజీలో ఖాళీ ఉంటే బాగోదని, పండగనాటి కొలతలు కూడా ముందురోజు సాయంత్రమే రాసేసేవాడు. ఎప్పుడూ వచ్చే అంకెలే. అది తప్పని ఏనాడూ తోచలేదు పాపం.

2003 కార్తీకంలో, సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున మంజుష అనే ఆడిటర్ వచ్చింది. నీళ్లు పరీక్షించి బాగున్నాయంది. రిజిస్టరు తిరగేసింది. తరవాత ఆఫీసు గోడమీద దసరా ఫోటో చూసింది. మురుగునీళ్ల పంపుకి బంతిపూల దండ, స్విచ్‌బోర్డుకి పసుపూకుంకుమా, కింద మూలన తేదీ.

"ఈ ఫోటో తీసిన రోజు పంపు తిరిగిందాండీ?"

"లేదమ్మా. ఆయుధపూజ కదా, అన్నీ బందే."

"మరి మూడుపూటలా ఏ నీళ్లు కొలిచారండీ?"

ముందురోజే రాసేశానని ఒప్పుకున్నాడు పల్లంరాజు. ఆవిడ కసిరినా బాగుండేది. మెల్లగానే అడిగింది. "మిగతా రోజులవి నిజమని నేనెలా అనుకోవాలండీ?"

కడివెడు పాలకి ఒక్క విషపు చుక్క చాలదూ! ఆర్డరు ఆగలేదు. ఇకమీదట ప్రతి కొలతకీ ఇంకొకరు చూసి సంతకం చెయ్యాలని రాసి వెళ్లిందావిడ. "ఇంతేనా" అని సూర్యప్రకాశంగారు ఊపిరి పీల్చుకున్నారు. ఇంతేనట! పల్లంరాజుకి మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

దాళ్వా పంటకి నారు పోసేముందు ఏసుపాదం మళ్లీ గోడ దగ్గరికి వచ్చాడు.

"పెట్టుకోమంటారా రాజుగారూ?"

నీళ్లు తేటగా ఉన్నాయి. పొద్దున్నే తన చేత్తో కొలిచాడు. అయినా 'పెట్టుకో' అనలేదు పల్లంరాజు.

"కాస్త ఆగు ఏసుపాదం. ఇంకొకరు కూడా చూడాలి."

ఏసుపాదం తెల్లబోయాడు.

"ఎందుకండీ? మీరు చూశారుగా."