లెక్కల పరీక్షలో గ్రీన్ సిగ్నల్

మేము చదువుకునే కాలంలో టాటానగర్ రైల్వే కాలనీలో పదో తరగతి బోర్డు పరీక్షలంటే పిల్లలకన్నా పెద్దవాళ్లకే ఎక్కువ జ్వరం. మా అమ్మ ఉద్దేశంలో అది పెరుగూ పంచదారా తినిపించి పంపితే గట్టెక్కే వ్యవహారం. రైలింజను నడిపే నాన్నకు మాత్రం ప్రశ్నపత్రం కూడా ఒక రైలు లైనే. ఇంజన్లో డ్రైవరు ప్రతి సిగ్నల్‌నీ చెయ్యి చాపి పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు వెంటనే అదే మాట తిరిగి అనాలి. రెడ్ అయితే బండి ఆగాల్సిందే. అందుకని పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టి, వచ్చిన లెక్కకు గ్రీన్ అనీ రానిదానికి రెడ్ అనీ నా చేత చెప్పించేవారు. గొణిగితే ఊరుకునేవారు కాదు. "ఏటే, నోట్లో నోట్లో ఏటి సెప్తన్నావ్? ఇంజన్ సౌండ్లో ఇనబడాల" అనేవారు. (అసిస్టెంటు మా అమ్మ. వంటింట్లో పప్పు ఎనుపుతూనే గ్రీన్ అని బదులిచ్చేది.)

లెక్కల పరీక్షనాడు చూస్తే మొదటి లెక్క నాకు కొట్టినపిండి. ఆ సంబరంలో ఒళ్లు మరిచి, చెయ్యి చాపి "గ్రీన్" అని అరిచేశాను. అంతటితో పోయేదే, కానీ వెనక బెంచీలోని మరో డ్రైవరుగారి అమ్మాయి అలవాటు కొద్దీ "గ్రీన్" అని బదులిచ్చింది. ఇన్విజిలేటరుగారు ఇదేదో కాపీల ఎత్తు అనుకుని ఇద్దరి జవాబుపత్రాలూ లాగేసుకున్నారు. ఏడాది చదువంతా ఆయన చంకలోకి వెళ్లిపోయింది. నేను వెక్కుతూ చెప్పినదాంట్లో రైలు తప్ప ఆయనకేమీ అర్థం కాలేదు.

చివరికి గేటు బయట నిలబడ్డ నాన్నను (డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చారు) లోపలికి పిలిపించారు. నాన్న హెడ్మాస్టరుగారి ఎదుట గోడ గడియారాన్నీ తలుపునీ సిగ్నళ్లు చేసి, చెయ్యి చాపి ఒక్కొక్కటీ చెప్పి చూపించారు. మేమిద్దరం ఏడుపు ఆపి మరీ బదులిచ్చాం. హెడ్మాస్టరుగారు రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని పేపర్లు ఇప్పించేశారు. ఇక మనసులోనే చెప్పుకోమన్నారు నాన్న. "నాన్నా, రెడ్ ఆయా తో? రెడ్ వస్తేనో?" అని అడిగాను. సర్వీసులో ఒక్కనాడూ రెడ్ దాటని మనిషి, "దాటీసి ఎల్లిపో తల్లీ. మల్లీ ఎనక్కొచ్చి సూసుకుందువు" అన్నారు. ఆ మాటకి నా గుండె ఎంత తేలికపడిందో! లోపలికి పరుగెత్తాను, రెండు రెడ్లు దాటేశాను, పాసయ్యాను.

మొన్న మా అమ్మాయి బోర్డు పరీక్షకు వెళుతూ "మమ్మీ, టెన్షన్ మత్ లో" అని నాకే ధైర్యం చెప్పింది. నాకెందుకు టెన్షన్, పెరుగూ పంచదారా తినిపించే తెచ్చాను కదా. అయినా దాని జడ కనబడినంతసేపూ గేటు దగ్గరే నిలబడి, చెయ్యి చాపి మెల్లగా గ్రీన్ అన్నాను. పక్కనే, ముక్కూమొహం తెలియని పెద్దమనిషొకాయన, తన పిల్ల వెళ్లినవైపే చూస్తూ, గ్రీన్ అన్నాడు.