పెరుగన్నంతో తగ్గని దవడ నొప్పి

2023 జనవరి, విన్నిపెగ్. ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒక చిన్న గది. అందులో ఉన్నవి: ఒక బల్ల, వేడి కాపడం ప్యాక్, మిల్లీమీటర్ల స్కేలు. ఉన్నవాళ్లు: ఫిజియోథెరపిస్ట్ లిండా, ఆమె అసిస్టెంటునైన నేను, తెనాలి నుంచి మాస్టర్స్‌కి వచ్చిన సుధీర్. అతని నోరు మాత్రం పూర్తిగా హాజరు కాలేదు. రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది.

చెవికి ముందు, కింది దవడ పుర్రెతో కలిసే కీలును టీఎంజే అంటారు. ఆ కీలూ, దాన్ని కదిపే కండరాలూ అలిసిపోతే నమలడం, ఆవలించడం, మాట్లాడడం అన్నీ బాధే. మామూలుగా నోట్లో నిలువుగా మూడు వేళ్లు పడతాయి. బస్‌స్టాపులో చలికి పళ్లు బిగించి నిలబడడంతో ఇది మొదలైందని లిండా తేల్చింది.

సుధీర్ దిగులు వేరు. వచ్చే నెలలో కో-ఆప్ ఇంటర్వ్యూ, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగానికి. అది పోతే ఆ టర్మ్ పోయినట్టే. కాలేజీలో మాక్ ఇంటర్వ్యూ చేసినవాళ్లు, పళ్ల మధ్య నుంచి మాట్లాడే ఇతన్ని చూసి, అభ్యర్థి మా మీద కోపంగా ఉన్నాడని రాశారట.

కాపడం పెట్టాం. దవడ కండరాలు మర్దన చేశాం. నాలుకను అంగిటికి ఆనించి నెమ్మదిగా నోరు తెరవడం నేర్పాం. మెత్తటి తిండే తినమన్నాం. రెండు వారాలైనా స్కేలు మీద అంకె మారలేదు. ఏం తింటున్నావంటే మూడు పూటలా పెరుగన్నమే అన్నాడు. అదేమిటో లిండాకి వివరించాను. చెప్పిన మాట ఇంతగా వినే పేషెంటును చూడలేదని మెచ్చుకుని, స్కానింగ్‌కి పంపాలేమో అంది.

నాకు అనుమానం వచ్చింది.

"తమ్ముడూ, నంజుకోడానికి ఏంటి?"

"ఏముంటది అన్నా, ఆవకాయే."

"ముక్క కూడానా?"

"టెంక కూడా వదలను. బస్సొచ్చేదాకా బుగ్గన పెట్టుకుని నములుతానే ఉంటా."

"మెత్తటి తిండే తినమన్నాంగా?"

"తిండి మెత్తగానే ఉందిగా అన్నా. ఆవకాయ తిండెట్టా అవుద్ది?"

మామిడికాయను టెంకతో సహా కొట్టి ఊరబెడతామని లిండాకి చెప్పాను. చెక్కలాంటిదాన్ని ఎందుకు నమలడమని అడిగింది. అసలు రుచంతా అందులోనే ఉంటుందని సుధీర్ నాచేత చెప్పించాడు. టెంక ఆపమంది. మరి ఊట కలుపుకోవచ్చా అని బేరం పెట్టాడు. ఊట అంటే ఆ కారం నూనె అని నేను వివరించాక, దానికి ఒప్పుకుంది.

ఇంటర్వ్యూ నాటికి మూడు వేళ్లు పట్టాయి. వాళ్లు ఇక చాలు అనేదాకా మాట్లాడాడట. ఉద్యోగం ఇచ్చారు.

ఏం తింటున్నారని అడిగితే మనవాళ్లు కంచం మధ్యలో ఉన్నదే చెబుతారని ఆ కేసుతో తెలిసింది. అంచున ఉన్నదాని గురించి ఇప్పుడు విడిగా అడుగుతాను. ఆ తర్వాత దవడ నొప్పితో మా దగ్గరికి వచ్చిన తెలుగువాళ్లు తొమ్మిది మంది. అడక్కముందే ఊరగాయ మాటెత్తినవాళ్లు సున్నా.