ఎలుగుబంటి సంగతి చెప్పిన అమ్మాయి

మా ముత్తాత మహేంద్రమంగళానికి మణియగారు, అంటే శిస్తు వసూలు చేసే ఊరి అధికారి. మా తాత గుర్రం దిగకుండానే శిస్తు వసూలు చేసేవాడంటారు. నేను తొడ ఎముక విరిగి, ధర్మపురి బాడుగ ఇంట్లో ఒక గదిలో మంచం పట్టినాను. కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. ఒక సంతకానికి రిజిస్టరు ఆఫీసు మెట్లు ఎక్కాలి. కుర్చీలో మోసుకుపోతామన్నాడు నా కొడుకు. నేను ఒప్పుకోలేదు.

కసరత్తు చేయించడానికి రోజూ ఒక అమ్మాయి వచ్చేది. నా మోకాలి కింద అరచెయ్యి పెట్టి, "మోకాలితో నా చెయ్యి నొక్కండి తాతా" అనేది. కాలు ఎంత బిగించినా ఆ చెయ్యి కదిలేది కాదు. తొడలో కండ కరిగిపోయింది.

ఒకనాడు ఆమె ఎండిపోయిన నా పెదవులను, మంచం కింద పొడిగా ఉన్న మూత్రం సీసాను చూసింది. కోడలిని సీసా అడగలేక నేను నీళ్ళు మానుకొన్నానని కనిపెట్టింది.

"చలిదేశాల ఎలుగుబంటి నెలలకొద్దీ పడుకొంటాది తాతా. తినదు, తాగదు, ఒంటికి పోదు. అయినా కండ పెద్దగా తగ్గదు. మూత్రంలోని యూరియాను తిప్పి కండకే వాడుకొంటాది."

"యూరియా చేనికి చల్లేది" అన్నాను.

"అదే. దానికి ఆ విద్య ఉండాది, మీకు లేదు. మీరు తాగాల, పోయాల, కాలు బిగించాల."

నా ఎదుట అట్లా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. చెంబెడు నీళ్ళు తాగినాను. సాయంత్రం కోడలిని సీసా అడిగినాను.

కొన్ని వారాలకు ఆ అమ్మాయి నా మోకాలి కింద నుంచి చెయ్యి లాక్కొని, "నలిగింది తాతా" అని వేళ్ళు విదిలించుకొంది.

రిజిస్టరు ఆఫీసు మెట్లు చేతికర్రతో నేనే ఎక్కినాను. ఆ సంతకం పెట్టి, సోగత్తూరులో మాకు మిగిలిన మూడెకరాల చేను అమ్మినాను.