మన టీమ్ మాది

ఆదివారం పొద్దున్నే సున్నం బకెట్ పట్టుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ ఎన్నోసార్లు అడిగింది, "ఇంటి గోడకు ఎన్నడన్న ఏసినవా గా సున్నం?" అని. వేయలేదు. తార్నాకలో మాది అద్దె ఫ్లాటు, గోడల సంగతి ఓనరు చూసుకోవాలి. యూనివర్సిటీ గ్రౌండులో గీతల సంగతి మాత్రం నేనే చూసుకోవాలి. యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి గ్రౌండుకు పర్మిషన్ తెచ్చే పని నాకు అంటగట్టారు. దాని వెనకే గీతలు గీసే పనీ వచ్చి పడింది. వంగి వంగి అప్పుడు పట్టుకున్న నడుము నొప్పి ఇప్పటికీ వదల్లేదు.

ఇదంతా మాస్టారు పెట్టిన తద్దినం. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి చర్చి స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా స్థిరపడ్డ మనిషి. మా అపార్టుమెంటులోనే కింది అంతస్తు. సాయంత్రాలు గ్రౌండుకు ఒక బంతి తీసుకుపోయి, అడిక్‌మెట్ గదుల్లో అద్దెకుండే స్టూడెంట్లనూ ముషీరాబాద్ దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లనూ పోగేసి ఫుట్‌బాల్ ఆడించేవాడు. కొత్తగా ఎవరొచ్చినా ముందు అడిగే మాట ఒక్కటే.

"మనదే ఊరు బాబూ?"

ఆయన వైపు మర్యాద అది. 'మీదే ఊరు' అంటే మొహం మీద గీత గీసినట్టు ఉంటుందని, ఎదుటివాడి ఊరిని కూడా మనది చేసుకుని అడుగుతారు. ఒకరోజు ముషీరాబాద్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ చదువుతూ వాళ్ల నాన్న పంక్చర్ షాపులో కూర్చునేవాడు. మనిషి మొత్తంలో మోకాళ్లే కనిపించేంత సన్నం. మాస్టారు అలవాటు ప్రకారం "మనదే ఊరు?" అన్నాడు. అది ప్రశ్న అని వాడికి తట్టలేదు. భయపడకు, ఊరు మనదే అని పెద్దమనిషి ధైర్యం చెబుతున్నాడనుకున్నాడు.

"ఔ మాస్టర్, మనదే," అన్నాడు ఛాతీ విరుచుకుని.

అందరం పడీ పడీ నవ్వాం. మాస్టారు మాత్రం నవ్వలేదు, ఆ జవాబు ఆయనకు తెగ నచ్చింది. ఆదివారం లీగులో చేరేటప్పుడు టీముకు మా పేరుండాలంటే మా పేరుండాలని అడిక్‌మెట్ వాళ్లూ ముషీరాబాద్ వాళ్లూ కొట్టుకుంటుంటే, ఆయన 'మన టీమ్' అని చెప్పి వచ్చేశాడు.

ఆ పేరుతో పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. మైకులో "మన టీమ్ గోల్!" అనగానే అవతలి వాళ్ల మనుషులు కూడా చప్పట్లు కొట్టి, ఆనక నాలుక కరుచుకునేవాళ్లు. ఎవరు గెలిచారని దారిలో ఎవరైనా అడిగితే, మా చేతిలో ఓడినవాళ్లు ఏడుపు మొహాలతో "మన టీమ్" అని చెప్పాల్సి వచ్చేది. కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం. మా ఆట మొదలయ్యే వేళ కూడా విచిత్రమే. మాస్టారూ ఇంకొందరు ఆటగాళ్లూ పొద్దుటి ఆరాధన ముగించుకుని రావాలి. పాస్టరుగారి ప్రసంగం ఎంత పొడుగైతే మ్యాచ్ అంత ఆలస్యం. అవతలి టీములు సణిగేవి, కానీ ఆగేవి. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని చర్చి వైపు రోడ్డు చూస్తూ నిలబడటం మా లీగులో రూలు లాంటిది. మేము ఓ ఏడాది అందరికంటే అడుగున నిలిచి కింది గ్రూపులోకి పడిపోయాం కూడా. మరుసటి ఏడాది ఆ పంక్చర్ షాపు కుర్రాడి కాలి మహిమతోనే పైకి వచ్చాం.

అప్పుడు వచ్చాడు డైరెక్టర్ సార్. తార్నాకలో ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ సెంటర్ నడిపే ఆసామి. మేము పైకి రావడం చూసి ముచ్చటపడి, టీముకు ఖర్చు పెడతానన్నాడు. నీలం జెర్సీలు కుట్టించాడు. వీపు మీద తన ఫొటో వేయించాడు, నెంబరుకు చోటు చాలక ఫొటో కింద చిన్నగా వచ్చింది. పరుగెత్తే కుర్రాళ్ల వీపుల మీద అంతమంది డైరెక్టర్లు నవ్వుతుంటే చూడ్డానికి భలేగా ఉండేది. బూట్లు వచ్చాయి, ఆట అయ్యాక ఇడ్లీ, వడా వచ్చాయి. మేము కాదనలేదు. అబద్ధమెందుకు, సంతోషించాం.

కరోనా రోజుల్లో ఆటలన్నీ ఆగిపోయి ఖాళీగా ఉన్నప్పుడు యూరప్ కబురు వచ్చింది. అక్కడి పెద్ద పెద్ద క్లబ్బుల యజమానులు కొందరు కూడబలుక్కుని, ఉన్న పోటీలు కాదని తమదంటూ వేరే లీగు పెట్టుకుంటామన్నారు. అందులో ఉన్నవాళ్లు ఎంత చెత్తగా ఆడినా బయటికి పోరు. బయటివాళ్లు ఎంత బాగా ఆడినా లోపలికి రావడం కష్టం. అభిమానులు భగ్గుమన్నారు. స్టేడియాల బయట అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు, తాము పాతికేళ్లుగా ప్రాణమిచ్చిన క్లబ్బునే తిట్టారు. రెండు మూడు రోజుల్లోనే యజమానులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంగ్లండ్ క్లబ్బు యజమాని ఒకాయన వీడియోలో క్షమించమని కూడా అడిగాడు.

మాస్టారు ఆ వీడియో నాకు మాస్కు గడ్డానికి దించి మరీ చూపించాడు.

"చూశారా గురువుగారూ! కోట్లున్నవాడు కూడా దిగొచ్చాడు. జనం గట్టిగా మాది అంటే, వాడేం చేస్తాడు చెప్పండి?"

"మీ మొహం. మనకేంది మాస్టారూ, ఇంగ్లండోళ్ల లొల్లి?" అన్నాను.

"మనోళ్లే కదండీ," అన్నాడు ఆయన. ఆ వీడియోలో ఉన్నాయన క్లబ్బును మాస్టారు ఎప్పుడూ మనోళ్లనే అనేవాడు. వాళ్లు ఓడిన పూట అన్నం సరిగా తినేవాడు కాదు. వాళ్లకు ఈయనొకడు తార్నాకలో ఉన్నాడని తెలియదు. ఆ మాట అంటే బాధపడతాడని ఎప్పుడూ అనలేదు.

ఆటలు మళ్లీ మొదలయ్యాక కొన్నాళ్లకు డైరెక్టర్ సార్ నన్నూ మాస్టారునీ కోచింగ్ సెంటర్‌కు పిలిపించాడు. ఖాళీ క్లాసులో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. బోర్డు మీద లాభనష్టాల లెక్కొకటి సగంలో ఆగిపోయి ఉంది.

"చూడు మాస్టర్, నేను, ఇంక ముగ్గురు ఓనర్లు కలిసి కొత్త లీగ్ పెడుతున్నం. ఊరి బయట టర్ఫ్ గ్రౌండ్ తీస్కున్నం. లైట్లు, టికెట్లు, ఫోన్ల లైవ్, అన్నీ ఉంటయి. మన గ్రౌండ్ల ఏమున్నది, దుమ్ము తప్ప?"

"లీగులో మిగతా టీముల సంగతేంటండీ?" అన్నాడు మాస్టారు.

"వాళ్లు గాడనే ఆడుకుంటరు, ఎవరు వద్దన్నరు? మాకు ఈ కిందికి పడుడు, మీదికి వచ్చుడు వద్దు. పైసలు పెట్టినోనికి గ్యారంటీ ఉండాలె గద."

"ఆదివారం ఆట ఎన్నింటికండీ?"

"పొద్దుగాల్నే. లైవ్ ఉంటది, మీ చర్చి అయ్యేదాంక ఆగుడు కుదరది. కొత్త కోచ్‌ను మాట్లాడిన. మీరు పెద్దమనిషి, గెస్ట్ లెక్క రాండ్రి."

మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తనను తీసేసినందుకు ఒక్క మాట అనలేదు. "పేరైనా ఇక్కడ వదిలిపెట్టండి సార్. మన టీమ్ అన్న పేరు ఈ గ్రౌండులో పుట్టింది," అన్నాడు.

"అట్లెట్ల మాస్టర్? అది బ్రాండ్ ఇప్పుడు," అన్నాడు డైరెక్టర్ సార్ నవ్వుతూ. "మన టీమ్ మాది."

ఆ మాట ఎంత వింతగా ఉందో ఆయనకు తెలియలేదు. నాకు ముందు నవ్వొచ్చింది. మెట్లు దిగుతుంటే కోపం వచ్చింది. మన అంటే అందులో నువ్వూ ఉంటావు, నేనూ ఉంటాను. మా అంటే నువ్వుండవు. పలకా బలపం పట్టని పిల్లకు కూడా తెలిసే తేడా ఇది. అన్ని పరీక్షలకు పాఠాలు చెప్పించే మనిషికి తెలియదా?

మాస్టారుకు ఇంగ్లండ్ అభిమానులు గుర్తొచ్చారు. మనమూ నిలబడదామన్నాడు. నాకు పెద్దగా ఆశ లేదు, అయినా అట్టముక్కలు నేనే కోసి పెట్టాను. 'మనది మనకే కావాలె' అని పెద్ద అక్షరాలతో రాయించి, కొంతమందిమి కోచింగ్ సెంటర్ గేటు ముందు నిలబడ్డాం. కాసేపట్లో పైన పరీక్ష రాసిన స్టూడెంట్లు గుంపుగా దిగారు. అట్టలు చదివారు. ఈ చుట్టుపక్కల అట్ట పట్టుకుని మనిషి నిలబడ్డాడంటే అది ఉద్యోగాల కోసమే. వాళ్లు ఇంకేమీ అడగలేదు. మా పక్కన నిలబడి పిడికిళ్లెత్తి, "వెయ్యాలె, నోటిఫికేషన్ వెయ్యాలె!" అని అందుకున్నారు.

"అది కాదు తమ్మీ, ఇది ఫుట్‌బాల్," అని నేను మొత్తుకున్నాను. ఎవరికి వినబడుతుంది? రోడ్డు మీద ఆటోలు ఆగాయి, ఫోన్లు లేచాయి. ఇంతలో డైరెక్టర్ సార్ కిందికి వచ్చాడు. సంగతి ఒక్క చూపులో పట్టేశాడు. నేరుగా వచ్చి మాస్టారు చేతిలోని అట్టను అందుకుని పైకెత్తి, "మీ పోరాటానికి నా ఫుల్ సపోర్ట్!" అన్నాడు. స్టూడెంట్లు ఈలలు వేశారు. అక్కడ యజమానులు జనానికి జడిసి వెనక్కి తగ్గారు, ఇక్కడ మా యజమాని మా నిరసనకే నాయకుడయ్యాడు. మాస్టారు ఖాళీ చేతులతో ఆ గుంపులో నిలబడి ఉన్నాడు. మేమిద్దరం నడిచే ఇంటికి వచ్చాం.

తర్వాత ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పంక్చర్ షాపు కుర్రాడు చెప్పి వెళదామని మాస్టారింటికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అప్పటికి వాళ్ల నాన్న షాపు మూతపడి, వాడు బండి మీద తిండి పార్శిళ్లు ఇచ్చి వస్తుండేవాడు. గుమ్మం బయట చెప్పుల దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టర్, మ్యాచ్‌కు పైసలిస్తరంట. పోవాల్నా?"

"వెళ్లు బాబూ. నన్నడగాలా?"

వాడు వెళ్లాక మాస్టారు తలుపు మెల్లగా వేశాడు. "వాణ్ణేమనను గురువుగారూ, వాడికి ఇల్లు గడవాలి కదా," అన్నాడు. నిజమే. కానీ ఆయన మొహం చూడలేకపోయాను.

మిగిలినవాళ్లతో ఆదివారం ఆట నడిచింది. మా టీముకు పేరు లేదు. ఎవరికీ కొత్త పేరు పెట్టే ఓపిక లేకపోయింది. మైకులో "అడిక్‌మెట్ సైడు వాళ్లు" అనేవాళ్లు. అవన్నీ సర్దుకోవచ్చు. నన్ను కలచివేసింది వేరే. కొత్త కుర్రాడొకడు వచ్చినప్పుడు మాస్టారు వాణ్ణి ఎగాదిగా చూసి, "నీదే ఊరు?" అన్నాడు. పొరపాటున అన్నాడేమోననుకున్నాను. తర్వాత వచ్చినవాణ్ణి కూడా అలాగే అడిగాడు. ఆయన నోట 'మన' అన్న మాట ఇక వినబడలేదు. ఇంగ్లండ్ క్లబ్బును కూడా "ఆ క్లబ్బు వాళ్లు" అనడం మొదలుపెట్టాడు. వాళ్లు ఓడినా మామూలుగా అన్నం తినేవాడు. ఇంతకాలం కూడగట్టిన మనిషి ఒక్క మాట దగ్గర ముడుచుకుపోతే, ఇక నేను సున్నం గీతలు ఎవరి కోసం గీస్తున్నట్టు? ఆ రోజుల్లో చాలాసార్లు మానేద్దామనుకున్నాను. మానడానికి కూడా ఓపిక కావాలి, అందుకే వెళ్తూ వచ్చాను.

టర్ఫ్ మీద లీగు బాగానే నడుస్తోందని వినేవాళ్లం. ఓనర్లు పక్క రాష్ట్రాల నుంచి ఆటగాళ్లను తెచ్చారట. మా పంక్చర్ షాపు కుర్రాడి మోకాలు బెణికితే ఇంటికి పంపించేశారట. ఎవరో చెప్పారు, ఇంకెవరో అవునన్నారు.

ఈ మధ్యే ఒక ఆదివారం నేను గీతలు పూర్తి చేసి నడుము నిమురుకుంటుంటే, అవతలి అంచున వాడు కనిపించాడు. ఒంటి మీద అదే నీలం జెర్సీ, వేరేది లేదు కాబోలు. కాలికి పట్టీ. గీత దగ్గరికి వచ్చి ఆగాడు, దాటలేదు. ఎవరూ పలకరించలేదు. అంతలో చర్చి నుంచి మాస్టారు వచ్చాడు. చేతిలో బైబిలు, నెత్తిన ఎండ. వాణ్ణి చూసి నడక తగ్గించాడు. ఏమంటాడోనని నాకు భయం వేసింది. అనాల్సినవి చాలా ఉన్నాయి, అన్నా తప్పులేదు.

వాడికి ఎదురుగా వెళ్లి నిలబడి, కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు.

"మనదే ఊరు బాబూ?"

వాడు తల దించుకున్నాడు. ఈసారి అది ప్రశ్న అని వాడికి తెలుసు.

"మనదే మాస్టర్," అన్నాడు.

మాస్టారు వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించుకొచ్చాడు. వాడి కుంటికాలు ఈడ్చుకుపోయి నా సున్నం గీత ఒకచోట చెరిగిపోయింది. మళ్లీ వంగి గీయడానికి నా నడుము ఒప్పుకోలేదు. ఆ రోజు అలాగే ఆడారు.