తీర్పుకు ముందు వేసిన విస్తళ్లు

ఈ మాట ఎన్నేళ్లుగానో కడుపులో దాచుకున్నాను. దాచిన కొద్దీ బరువెక్కిందే గానీ తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అరకు కొండల్లో బడి పంతులుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాను. తగువులొస్తే మధ్యవర్తిగా నన్నే కూర్చోబెట్టేవారు. మాస్టారి దగ్గరికెళ్తే పొద్దుగూకేలోపు తేలిపోతుందని పేరు. ఆ పేరంటే నాకెంత మోజో! అదే నా కొంప ముంచింది. కాదు, సుక్రి కొంప ముంచింది.

సుక్రి కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్ దగ్గర పనిచేసేది. కుడిచెయ్యి అందులో పడి నలిగిపోయింది. ఇంకో ఆపరేషన్ చేస్తే వేళ్లు కదలొచ్చని పట్నం డాక్టరు అన్నాడు. ఆ ఖర్చు కూడా నష్టపరిహారంలో కలపాలని ఆమె, చేయించిన వైద్యం చాలని యజమాని. కోర్టుల చుట్టూ తిరగలేక ఇద్దరూ నా మాటే ఆఖరి మాటని ఒప్పుకున్నారు. రెండు వైపులా విని తీర్పు చెప్పడం, అంతే నా పని.

సుక్రి వాళ్ల తెగలో ఒక కట్టుబాటు ఉంది. తగువు తీరాక రెండు పక్షాలూ కలిసి తింటాయి. తిన్నాక ఆ మాట మళ్లీ ఎత్తితే కొండదేవతకు మాట తప్పినట్టే. ఇది నాకు తెలియదా? ఇన్నేళ్లు ఈ కొండల్లోనే బతికాను, తెలియకేం!

తగువుకు కూర్చున్న రోజు యజమాని చెప్పడం అయింది. సుక్రి ఇంకా నోరు విప్పలేదు. ఈలోగా, తగువు తీరాక తినడానికని పొయ్యెక్కించిన కోడికూర ఉడికింది. చల్లారిపోతుంది, ముందు తినేద్దామన్నాడు యజమాని. ఆ కట్టుబాటు అతనికి తెలుసో లేదో. నాకు తెలుసు. విస్తళ్లు వెయ్యమన్నది నేనే. సుక్రి ఒక్కసారి నా ముఖంలోకి చూసి కూర్చుంది. ఎడమచేత్తో తింది.

చేతులు కడిగాక, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాను.

"కలిసి తినేసినాం కదా మాస్టారూ. ఇంకేటి సెప్పమంటావు?"

"మరి ఆపరేషన్ సంగతి?"

"నువ్వే కూకోబెట్టినావు కదా. అయిపోనాది."

అప్పుడైనా ఈ భోజనం చెల్లదు, మళ్లీ మొదలెడదాం అనొచ్చు. అనలేదు. యజమాని ఇస్తానన్నదే తీర్పుగా చెప్పేసి, చీకటి పడకముందే ఇల్లు చేరాను. దారిలో ఎవరో మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వాను కూడా.

లంచం తిన్నానా? లేదు. తిని ఉంటే నన్ను నేను తిట్టుకోవడం సులువయ్యేది. ఇంకో పూట కూర్చోవాల్సి వస్తుందని, వచ్చిన పేరు ఎక్కడ పోతుందోనని, నా మీద నమ్మకంతో వచ్చిన మనిషి నోరు ఆమె దేవతను అడ్డం పెట్టుకుని నొక్కేశానా? అవును.

ఆ వేళ్లు ఇక కదలలేదు.

మొన్న సంతలో కనబడింది. తమ్ముడి పొలం గట్టు తగువుకు నన్నే రమ్మంది. "నువ్వయితే అన్నేయం సెయ్యవు మాస్టారూ" అంది. మోకాళ్ల నొప్పులని అబద్ధమాడి తప్పించుకున్నాను. కట్టుబాటు తెలిసే విస్తళ్లు వెయ్యమన్నానని ఆమెకు చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందా? చెప్పలేను. మీకు చెప్పాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమె కంటే ముందు మీకు చెప్పుకుని తేలికపడటం కూడా తప్పేనేమో. అయినా చెప్పేశాను. సుక్రికి అన్యాయం చేసింది నేనే.